ఇంట్లోనే లాటిన్, గ్రీకు: ఏ పుస్తకం పట్టుకోవాలి?

పాత భాషలు సొంతంగా నేర్చుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలు బాగా పోగయ్యాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం లాటిన్, గ్రీకులకే ఇచ్చేస్తున్నాను. నేను ఈ భాషలు ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఒక గంట కూర్చుని నేర్చుకున్నాను, ఇంట్లో చదివేవాళ్లు ఎక్కడ ఆగిపోతారో నాకు అలా తెలుసు. ఒకే రకం ప్రశ్నలు కొన్ని కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఆరు నెలలుగా లాటిన్ మొదలుపెట్టాలని చూస్తున్నాను. నాలుగు పుస్తకాలు కొన్నాను, రెండు యాప్‌లు వేసుకున్నాను, ఏదీ మూడు పాఠాలు దాటలేదు. కొందరు వీలాక్ అంటారు, కొందరు ఓర్బర్గ్ అంటారు. ఎవరి మాట వినాలో తెలీక టెన్షన్‌గా ఉంది. (ఒక బ్యాంకు ఉద్యోగిని)

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. రెండూ మంచి పుస్తకాలే, ఏది పట్టుకుని చివరిదాకా వెళ్లినా లాటిన్ వస్తుంది. మీ చిక్కు పుస్తకంతో కాదు, నాలుగు పుస్తకాలతో.

ఇంట్లో చదివేవాళ్లకి అసలు లోటు ఏమిటంటే, మన తప్పు పట్టుకునే మనిషి ఉండడు. క్లాసులో అయితే నోరు తెరవగానే "కాదు, మళ్లీ చూడు" అంటారు. ఇంట్లో తప్పు చదివినా అది ఒప్పులాగే అనిపిస్తుంది, పేజీ తిరిగిపోతుంది. అందుకని ఏ పుస్తకం చేతికొచ్చినా నేను ముందు చూసేది వెనక పేజీలు, అభ్యాసాలకి జవాబులు ఇచ్చారా లేదా అని. తర్వాత ఆడియో ఉందా అని. బొమ్మలూ, కాగితం, ఎవరు మెచ్చుకున్నారన్నదీ అన్నీ ఆ తర్వాతే.

ఇది నాకు కష్టపడి తెలిసిన విషయం. నేను మొదట చదివింది ఒక పాత పుస్తకం. జవాబులు లేవు, పైగా అచ్చులో దీర్ఘాల గుర్తులు కూడా లేవు. లాటిన్‌లో పుయెల్ల అంటే అమ్మాయి. చివరి అచ్చు దీర్ఘం అయిందంటే విభక్తే మారిపోతుంది, కుమ్ పుయెల్లా అంటే అమ్మాయితో. గుర్తు వెయ్యని పుస్తకంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. దాదాపు రెండు నెలలు ఆ రెంటినీ కలిపేసి, ప్రతి వాక్యానికీ నాకు తోచిన అర్థం చెప్పుకుంటూ, బాగానే వస్తోందని సంతోషపడుతూ పోయాను. జవాబులున్న ఇంకో పుస్తకం దొరికి సరిచూసుకుంటే ఇరవై వాక్యాల్లో ఎనిమిది తప్పు. మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

దీర్ఘాల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. అచ్చు మీద చిన్న అడ్డగీత ఉంటే అది దీర్ఘం. లిబెర్ అంటే పుస్తకం, లీబెర్ అంటే స్వేచ్ఛ గలవాడు. మలుమ్ అంటే చెడు, మాలుమ్ అంటే ఆపిల్ పండు. పడు, పాడు అని తేడాగా పలకడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి ఇంగ్లీషు వాళ్లు నెలల తరబడి తంటాలు పడే ఈ విషయం మనకి ఒక్కరోజు పని. అందుకే దీర్ఘాలు గుర్తించి అచ్చు వేసిన పుస్తకమే తీసుకోండి, మనకున్న బలాన్ని మనమే వదులుకోకూడదు. వీలాక్, ఓర్బర్గ్ ఇద్దరి పుస్తకాల్లోనూ ఈ గుర్తులు ఉంటాయి.

ఇక ఆ రెండింటి తేడా. వీలాక్ పుస్తకం 1956లో వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి కాలేజీలో చేరిన పెద్దవాళ్ల కోసం తయారైంది. 40 పాఠాలు. ముందు వ్యాకరణం, తర్వాత పదాల పట్టిక, తర్వాత వాక్యాలు. పుస్తకం చివర సొంతంగా చదువుకునేవాళ్ల కోసం అదనపు అభ్యాసాలు ఉంటాయి, వాటికి జవాబులు కూడా అక్కడే ఉంటాయి. పాఠం లోపలి వాక్యాలకి మాత్రం ఉండవు. చాలామంది ఈ వెనక అభ్యాసాలు చూడకుండా వదిలేస్తారు, ఇంట్లో చదివేవాళ్లకి అవే ప్రాణం. లోటు ఏమిటంటే చదవడానికి వరసగా కథలాంటిది తక్కువ, విడివిడి వాక్యాలు ఎక్కువ. పట్టికలన్నీ నోటికి వచ్చి ఒక పేజీ మాత్రం గడగడా చదవలేని వాళ్లు తయారవుతారు.

ఓర్బర్గ్ డెన్మార్క్ మాస్టారు. ఆయన పుస్తకంలో మొదటి భాగం 35 పాఠాలు, మొదటి అక్షరం నుంచి చివరిదాకా లాటినే, ఒక్క ముక్క కూడా అనువాదం ఉండదు. ఒక రోమన్ కుటుంబం కథ నడుస్తుంటుంది, కొత్త మాట వస్తే పక్కన బొమ్మో, తెలిసిన మాటతో చిన్న వివరణో ఉంటుంది. మొదటి పాఠం ఇలా మొదలవుతుంది: రోమ ఇన్ ఇతలియా ఎస్త్. ఇతలియ ఇన్ ఎఉరోపా ఎస్త్. రోమ్ ఇటలీలో ఉంది, ఇటలీ యూరప్‌లో ఉంది, అంతే కదా అనిపిస్తుంది. కానీ ఇటలీ మాట మీద కన్నేయండి: మొదటి వాక్యంలో ఇతలియా, రెండో దాంట్లో ఇతలియ. "లో" అనే అర్థం వచ్చినప్పుడు దీర్ఘం, తనే కర్త అయినప్పుడు హ్రస్వం. నన్ను రెండు నెలలు తిప్పలు పెట్టిన సంగతి ఈయన రెండు వాక్యాల్లో, ఒక్క నియమం కూడా చెప్పకుండా చూపించేశాడు. ఆ పేజీ చూసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

నా ఓటు ఓర్బర్గ్‌కే, కానీ ఒంటరిగా కాదు. వ్యాకరణం కూడా లాటిన్‌లోనే చెబుతాడు కాబట్టి మనకి అర్థమైందో, అర్థమైందని అనిపించిందో తేల్చుకోవడం కష్టం. పాఠం పాఠానికీ ఇంగ్లీషులో వివరణ ఇచ్చే సహాయక పుస్తకం ఒకటి దీనికి విడిగా దొరుకుతుంది, అది జతగా పెట్టుకోండి. వ్యాకరణం ముందు తెలిస్తే గానీ మనసు కుదుటపడదు అనే స్వభావం మీదైతే వీలాక్ తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. ఏదో ఒకటి. మిగతావన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, పట్టుకున్న పుస్తకంలో పది పాఠాలు పూర్తయ్యాకే తియ్యండి.

జవాబులు వాడే పద్ధతి కూడా ముఖ్యం. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో మీ అనువాదం రాయండి, ఆ రోజుకి మూసెయ్యండి. మర్నాడు జవాబులతో పోల్చి కుడి పేజీలో తప్పు మాత్రమే కాదు, ఎందుకు తప్పిందో ఒక్క మాటలో రాయండి: "విభక్తి", "కాలం", "మాట తెలీదు". నెల తర్వాత ఆ కుడి పేజీలు తిరగేస్తే మీ బలహీనత ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. నాకు తొంభై శాతం "విభక్తి" అనే వచ్చింది.

ప్రశ్న: సంస్కృతం కొంచెం చదువుకున్నాను. లాటిన్, గ్రీకు రెండూ ఒకేసారి మొదలుపెట్టొచ్చా? గ్రీకుకి ముందు లాటిన్ రావాలంటారు, నిజమేనా? (డిగ్రీ విద్యార్థి)

ఒకేసారి వద్దు బాబూ. కనీసం ఒక ఏడాది ఎడం ఉండాలి, లేకపోతే రెండింటి విభక్తి ప్రత్యయాలూ తలలో కలిసిపోతాయి. ముందు లాటినే రావాలన్న నియమం మాత్రం ఏమీ లేదు. మీ మనసు ప్లేటో మీదుంటే నేరుగా గ్రీకులోకి వెళ్లిపోండి, ఇష్టం లేని భాషలో ఏడాది గడిపితే ఇష్టమైనది కూడా పోతుంది.

సంస్కృతం వచ్చి ఉంటే మీకు గ్రీకు దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. ఈ మూడు భాషలూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని భాషా పండితుడు విలియం జోన్స్ 1786లోనే అన్నాడు. మోస్తాను అనడానికి గ్రీకులో ఫెరో, లాటిన్‌లో ఫెరో, సంస్కృతంలో భరామి. గ్రీకులో అదే మాట భూతకాలంలోకి వెళ్తే ముందు ఒక ఎ చేరి ఎఫెరొన్ అవుతుంది, సంస్కృతంలో అ చేరి అభరమ్ అయినట్టే. ద్వివచనం ఉంది, పని ఫలం చేసినవాడికే చెందేటప్పుడు వాడే ఆత్మనేపదం లాంటిదీ ఉంది. ఇంగ్లీషు పుస్తకాలు ఆ ఆత్మనేపదం గురించి పేజీలకి పేజీలు వివరిస్తాయి, మీరు రెండు నిమిషాల్లో దాటేస్తారు. అలా దాటేయండి కూడా, ప్రతి వివరణా చదవాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: గ్రీకు నేర్చుకోవడానికి ఏ పుస్తకం కొనాలి? ఒక యాప్‌లో గ్రీకు అని ఉంటే నెల రోజులు చేశాను, తీరా అది వేరే గ్రీకు అంటున్నారు. పలకడం కూడా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. (ఒక గృహిణి)

అయ్యో, మీ నెల వృథా పోలేదండీ, అక్షరాలు వచ్చేసి ఉంటాయి, 24 అక్షరాలూ అవే. కానీ యాప్‌లలో ఎక్కువగా ఉండేది ఇవాళ గ్రీస్‌లో మాట్లాడే భాష, పాత గ్రీకుకి అది సరిపోదు.

పాత గ్రీకు అన్నా అది ఒక్కటి కాదు. హోమర్ కావ్యాల భాష ఒకటి. క్రీస్తుపూర్వం 5, 4 శతాబ్దాల ఏథెన్స్ భాష ఇంకొకటి, దాన్ని అట్టిక్ అంటారు, ప్లేటో, జెనొఫోన్ రాసింది అందులో. ఆ తర్వాత వాడుకలో సులువైపోయిన కొయినే, కొత్త నిబంధన ఉన్నది ఆ భాషలో. పుస్తకం కొనే ముందు "నేను చివరికి ఏం చదవాలనుకుంటున్నాను" అని ఒక్క ప్రశ్న వేసుకోండి, సగం తికమక తీరిపోతుంది.

కొత్త నిబంధన చదవడమే కోరిక అయితే మౌన్స్ రాసిన కొయినే పుస్తకం తీసుకోండి. దారి దగ్గర: కొత్త నిబంధన మొత్తం మీద లక్షా ముప్పై ఏడు వేల పైచిలుకు మాటలు ఉంటే, అందులో 50 సార్లకి మించి వచ్చేవి సుమారు 310 మాటలు మాత్రమే, ఆ కాసిని మాటలే పుస్తకంలో దాదాపు 80 శాతం ఆక్రమిస్తాయి. హోమర్ మీదే ప్రేమ అయితే క్లైడ్ ఫార్ 1920లో రాసిన పుస్తకం నేరుగా హోమర్ భాషతోనే మొదలుపెడుతుంది, మధ్యలో అట్టిక్ అక్కర్లేదు.

ఏదీ తేల్చుకోలేకపోతే అట్టిక్ మంచిది, అక్కడి నుంచి మిగతా రెండు వైపులకీ వెళ్లొచ్చు. ఇక్కడ రెండు పుస్తకాల పేర్లు వినిపిస్తాయి. అథెనాజె అనే దాంట్లో పెలొపొన్నీసియన్ యుద్ధానికి కాస్త ముందు రోజుల్లో ఒక రైతు కుటుంబం కథ ఉంటుంది, హాయిగా సాగుతుంది, కాకపోతే జవాబులు ఉపాధ్యాయుల పుస్తకంలో విడిగా ఉంటాయి, దాన్ని కూడా సంపాదించాలి. దీని ఇటాలియన్ ఎడిషన్‌లో గ్రీకు కథ ఇంకా చాలా పొడవు, ఇటాలియన్ రాకపోయినా కథ కోసం అది తెచ్చుకునేవాళ్లున్నారు. రెండోది కేంబ్రిడ్జి వాళ్ల రీడింగ్ గ్రీక్, ఇది మొదట 1978లో వచ్చింది. దీనికి ఇంట్లో చదివేవాళ్ల కోసమే ఒక గైడు వేశారు, పాఠాలన్నిటికీ అనువాదాలు, అభ్యాసాలకి జవాబులు అందులో ఉంటాయి. నేను మొదట ఏం చెప్పానో గుర్తుంది కదా, అందుకే మీకు రీడింగ్ గ్రీక్, దాని గైడూ చెబుతున్నాను. పాఠాలు కొంచెం కష్టంగానే ఉంటాయి, ఒక్కో పాఠానికి రెండు వారాలు పట్టినా కంగారు పడకండి.

ఇక పలకడం. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పడానికి కారణం ఉంది: ఇవాళ్టి గ్రీకు ఉచ్చారణ ఒకటి, ఎరాస్మస్ అనే పండితుడు 1528లో దీని మీద పుస్తకం రాసిన తర్వాత యూరప్ బడుల్లో స్థిరపడింది ఇంకొకటి, పండితులు ఆధారాలు పోగుచేసి పునర్నిర్మించిన పాత ఏథెన్స్ ఉచ్చారణ మరొకటి. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి, ఆడియో కూడా అదే పద్ధతిలో ఉన్నది వినండి. నేనైతే మూడోదే తీసుకోమంటాను, ఎందుకంటే అది మన నోటికి కుట్టించినట్టు సరిపోతుంది. పాత ఏథెన్స్ వాళ్లకి పై, ఫై, బీటా అక్షరాలు అచ్చంగా ప, ఫ, బ. తౌ, థీటా, డెల్టా అంటే త, థ, ద. కప్పా, ఖీ, గామా అంటే క, ఖ, గ. ఇంగ్లీషు పుస్తకాలు థీటా పలకడానికి ఏవేవో తంటాలు చెబుతాయి, మీరు రథంలోని థ పలికితే చాలు. ఫై దగ్గర మాత్రం జాగ్రత్త, ఫ్యాన్ అన్నప్పటి ఫ కాదు, పెదవులు రెండూ కలిపి ఊపిరితో వదిలే ఫ, ఫలం అనే మాటని శ్రద్ధగా వత్తి పలికినప్పుడు వచ్చేది. ఉప్సిలాన్ ఒక్కటే మనకి లేని శబ్దం, పెదవులు ఉ కి పెట్టి ఇ అనండి, అదే.

నోట్‌బుక్‌లో మొదటి వారం గ్రీకు మాటల పక్కన తెలుగు లిపిలో రాసుకోండి. రెండో వారం నుంచి మానెయ్యండి, అదే అలవాటైతే కన్ను గ్రీకు మీదికి వెళ్లదు.

ప్రశ్న: నిఘంటువులు చాలా ఖరీదుగా ఉన్నాయి. కొనాలా, ఉచితంగా దొరికేవి చాలా? (రిటైరైన ఉపాధ్యాయుడు)

నమస్కారం మాస్టారూ. మొదటి ఏడాది ఏమీ కొనకండి. పాఠ్యపుస్తకం వెనక ఉండే పదకోశమే చాలు. పెద్ద నిఘంటువు తెరిస్తే ఒక్క మాటకి రెండు కాలమ్‌ల అర్థాలుంటాయి, కొత్తవాళ్లు వాటిలో మునిగిపోతారు.

ఆ తర్వాత కూడా ఉచితంగా చాలా ఉంది. లాటిన్‌కి లూయిస్, షార్ట్‌ల 1879 నిఘంటువు, గ్రీకుకి 1843లో మొదలై తరాల తరబడి పెరుగుతూ వచ్చిన లిడెల్, స్కాట్‌ల నిఘంటువు, రెండూ షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల లొగేయన్ అనే వెబ్‌సైట్‌లో ఒకేచోట వెతుక్కోవచ్చు. వ్యాకరణానికి లాటిన్‌లో ఆలెన్, గ్రీనోల 1903 నాటిది, గ్రీకులో స్మిత్ అనే ఆయన 1920లో రాసింది ఉచితంగా దొరుకుతాయి, వీటిని చదవక్కర్లేదు, సందేహం వచ్చినప్పుడు తీస్తే చాలు. డబ్బు పెట్టాలనే ఉంటే గ్రీకుకి 2021లో వచ్చిన కేంబ్రిడ్జి నిఘంటువు మీద పెట్టండి, రెండు సంపుటాలు, అర్థాలు ఇవాళ్టి ఇంగ్లీషులో సాఫీగా ఉంటాయి.

నిఘంటువు కన్నా ముందు అందులో వెతకడం నేర్చుకోవాలి. ఒక పేజీలో తులిత్ అనే మాట తగిలిందనుకోండి, త దగ్గర ఎంత వెతికినా సరైనది దొరకదు. అది ఫెరో అనే క్రియకి భూతకాలం, మోశాడు అని అర్థం. ఫెరో, ఫెర్రె, తులీ, లాతుమ్, ఇవి నాలుగూ ఒకే క్రియ ముఖాలు. వింతగా అనిపిస్తుంది గానీ మనం "రా" అని పిలిచి "వచ్చాడు" అని చెబుతాం కదా, తెలుగు నేర్చుకునే పరాయివాడికి అదీ అంతే వింత. కాబట్టి క్రియ నేర్చుకున్నప్పుడల్లా లాటిన్‌లో నాలుగు రూపాలూ, గ్రీకులో ఆరు రూపాలూ కలిపే నేర్చుకోండి. తర్వాత నేర్చుకుందామని వాయిదా వేసిన వాళ్లెవరూ తర్వాత నేర్చుకోలేదు, నాతో సహా. ఆ వాయిదాకి నేను ఒక వేసవి మొత్తం చెల్లించాను.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్ల పెర్సియస్ అనే వెబ్‌సైట్‌లో మూలగ్రంథాలు ఉంటాయి, మాట మీద నొక్కితే అది ఏ రూపమో చెబుతుంది. గొప్ప సాయం, కానీ అది తీర్పు చెప్పదు, అవకాశాలు మాత్రమే చూపిస్తుంది. పుయెల్లై అనే మాట మీద నొక్కితే అమ్మాయి యొక్క, అమ్మాయికి, అమ్మాయిలు, ఓ అమ్మాయిలారా అని నాలుగూ వస్తాయి. ఏది సరైనదో వాక్యం చూసి మీరే తేల్చాలి. ముందు మీరు ఊహించి, తర్వాత నొక్కండి. ముందే నొక్కితే చదివినట్టుంటుంది, నేర్చుకున్నది ఉండదు.

ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు ఉండే లోబ్ పుస్తకాల సంగతీ అంతే. 1912 నుంచి వస్తున్నాయి, లాటిన్‌కి ఎర్ర అట్ట, గ్రీకుకి ఆకుపచ్చ అట్ట. కుడి పేజీని ఒక అట్టముక్కతో కప్పి, ఒక పేరా పూర్తిగా కష్టపడ్డాక తియ్యండి. మూడో ఏడాదికి అవి మీకు మంచి స్నేహితులవుతాయి.

ప్రశ్న: యాప్‌లు, ఏఐతో నేర్చుకోవచ్చా? పుస్తకం అవసరమేనా? (ఇద్దరు ముగ్గురు అడిగారు)

పుస్తకం అవసరమే. డుయొలింగోలో 2019 నుంచి లాటిన్ ఉంది, అది చిన్న కోర్సు, రుచి చూడటానికి సరిపోతుంది, అంతకన్నా ఆశించకండి. అంకి లాంటి ఫ్లాష్‌కార్డుల యాప్ మాత్రం నిజంగా పనికొస్తుంది, మరిచిపోబోయే సమయానికి కార్డుని మళ్లీ ముందుకు తెస్తుంది. ఏ మాటలు ముందు నేర్చుకోవాలో తెలియకపోతే డికిన్సన్ కాలేజీ వాళ్లు ఎక్కువగా వాడే మాటల జాబితాలు ఉచితంగా ఇచ్చారు, లాటిన్‌కి సుమారు 1,000, గ్రీకుకి సుమారు 500. కార్డులు సొంతంగా చేసుకోండి, ఒంటరి మాట కాకుండా మీరు చదివిన వాక్యం ముక్క రాయండి. ఇంకొకరు చేసిన వేల కార్డులు దింపుకుంటే వారంలో విసుగొస్తుంది.

ఏఐని "ఈ మాట ఇక్కడ ఈ విభక్తిలో ఎందుకుంది" అని అడగడానికి వాడుకోవచ్చు, అర్ధరాత్రి సందేహం వస్తే అడగడానికి ఎవరో ఒకరు ఉండటం మామూలు ఉపకారం కాదు. కానీ లాటిన్ దీర్ఘాల్లో, గ్రీకులో అచ్చుల మీద పెట్టే స్వరం గుర్తుల్లో అది తప్పులు చేస్తుంది, ఆ తప్పుని కూడా అంతే నమ్మకంగా చెబుతుంది. అది చెప్పిన రూపాన్ని పట్టికలో చూసుకున్నాకే నోట్‌బుక్‌లో రాయండి. మీ అనువాదం దాంతో చేయించుకోవద్దు, మీరు చేసింది దానికి చూపించండి.

ప్రశ్న: మా పాప వయసు తొమ్మిది. రోమన్ల కథలంటే పిచ్చి. లాటిన్ మొదలుపెట్టించవచ్చా? (ఒక తల్లి)

తప్పకుండా. 1999లో కేంబ్రిడ్జి వాళ్లు వేసిన మినిముస్ అనే బొమ్మల పుస్తకం ఆ వయసు వాళ్ల కోసమే, ఒక చిట్టెలుక కూడా ఉంటుంది అందులో. మీ పాపకి చెప్పండి, ఆ పుస్తకంలోని కుటుంబం నిజంగా ఉండేది. బ్రిటన్ ఉత్తరాన విందోలాండ అనే రోమన్ కోటలో 1973 నుంచి తవ్వకాల్లో పల్చటి చెక్క పలకల మీద సిరాతో రాసిన ఉత్తరాలు బయటపడ్డాయి. అందులో ఒకటి క్రీస్తుశకం 100 ప్రాంతాల్లో క్లౌదియ సెవెర అనే ఆవిడ తన స్నేహితురాలు లెపిదీనని పుట్టినరోజుకి రమ్మని పిలిచిన ఉత్తరం, చివర రెండు మూడు వరసలు ఆవిడ సొంత చేత్తో రాసింది. ఆ లెపిదీనే మీ పాప పుస్తకంలోని అమ్మ. రోజూ పదిహేను నిమిషాలు చాలు, పట్టికలు బట్టీ పట్టించకండి, పక్కన మీరూ కూర్చుని నేర్చుకోండి.

ప్రశ్న: వ్యాకరణం ఒక మాదిరిగా వచ్చింది, వర్జిల్ కవిత్వం మొదలుపెట్టాను. ఛందస్సు మాత్రం తలకెక్కడం లేదు. దీనికి మంచి పుస్తకం చెప్పండి. (ఒక పాఠకుడు)

మీకు పుస్తకం అక్కర్లేదండీ, మీకు గురువు, లఘువు తెలుసు కదా! లాటిన్, గ్రీకు పద్యాలు నడిచేది వాటి మీదే. దీర్ఘాచ్చు ఉంటే గురువు, హ్రస్వమైనా తర్వాత రెండు హల్లులు తగిలితే గురువు. వర్జిల్ వాడిన ఛందస్సులో పాదానికి ఆరు గణాలు. డాక్టిల్ అనేది గురువు, లఘువు, లఘువు, అంటే మన భగణం. ఆ మాటకి గ్రీకులో వేలు అని అర్థం, ఒక పొడుగు కణుపు, రెండు పొట్టి కణుపులు. స్పాండీ అంటే రెండు గురువులు. మొదటి నాలుగు గణాల్లో ఏదైనా రావచ్చు, అయిదోది దాదాపు ఎప్పుడూ భగణమే, ఆరోది రెండక్షరాలు, చివరి అక్షరం ఏదైనా గురువు కిందే లెక్క.

వర్జిల్ మొదటి పాదమే పెట్టుకుని చూడండి:

అర్మ వి / రుంక్వె క / నో త్రో / యై క్వీ / ప్రీముస / బోరీస్

భ, భ, గగ, గగ, భ, గగ. అయిదో గణం దగ్గర ఆగండి. పుస్తకంలో ప్రీముస్, అబ్, ఓరీస్ అని మూడు మాటలు విడివిడిగా ఉంటాయి, అలా చదివితే ముస్, అబ్ గురువుల్లా అనిపించి లెక్క తప్పుతుంది. నోటితో కలిపి పలికితే హల్లు తర్వాతి అచ్చుతో చేరిపోయి ప్రీముసబోరీస్ అవుతుంది, అప్పుడు ము, స లఘువులే. మీకు తలకెక్కనిది ఇదే అయి ఉంటుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అచ్చుతో ముగిసే మాట తర్వాత అచ్చుతో మొదలయ్యే మాట వస్తే మొదటి అచ్చు లోపించడం కూడా ఉంది, మన సంధిలాగే. లాటిన్‌లో చివర మ్ ఉన్నా ఆ అచ్చు పోతుంది, అది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. త్ర, ప్ల లాంటి జంటలు వచ్చినప్పుడు ముందు అక్షరం లఘువుగా ఉండిపోవచ్చు, అదొక మినహాయింపు.

రోజుకి అయిదు పాదాలు పెన్సిల్‌తో గణ విభజన చేసి, తర్వాత పైకి చదవండి, చేత్తో తాళం వేస్తూ. పునర్నిర్మించిన ఉచ్చారణలో ఎవరైనా చదివిన ఆడియో దొరికితే మీ విభజన పూర్తయ్యాక వినండి, మీ జవాబుల పేజీ అదే అనుకోండి.